ఏదైనా జబ్బు చూడండి మేడమ్

"మేడమ్, అమ్మాయికి పెళ్లి కుదిరింది. వచ్చే నెలంతా డేట్స్ లేవంటోంది. ఏదైనా జబ్బు చూడండి."

సీరియల్ రాసేవాళ్లకు ఇలాంటి ఫోన్లు మామూలే. పెళ్లి కుదిరింది ఆర్టిస్టుకి, జబ్బు చేయాల్సింది పాత్రకి. రోజూ అరగంట కథ నడవాలి. బ్యాంకింగ్ చూస్తే, అంటే ముందే తీసి పెట్టుకున్న సరుకు, నాలుగైదు ఎపిసోడ్లకు మించి ఉండదు. ఆ అమ్మాయి కనబడకుండానే ఇంట్లో మిగతా పదిమందీ ఆమె గురించే మాట్లాడుకోవాలి. కోమాను మించిన సదుపాయం ఇంకేముంది? మంచం మీద డూప్‌ని పడుకోబెట్టి, ముఖానికి ఆక్సిజన్ మాస్కు తగిలించి, అద్దం తలుపు అవతల నుంచి కెమెరా పెడితే నెల గడిచిపోతుంది. ఆర్టిస్టు మొత్తానికే మానేసిందనుకోండి, అగ్నిప్రమాదం, ప్లాస్టిక్ సర్జరీ. కట్లు విప్పేసరికి కొత్త అమ్మాయి. ముఖంతో పాటు ఎత్తూ గొంతూ కూడా ఎలా మారాయని ఇంట్లో ఎవరూ అడగరు. గురువారం రేటింగులు వస్తాయి. కట్లు విప్పిన వారం ఎప్పుడూ బాగానే ఉంటాయి.

వారపత్రికల్లో కథలు రాస్తూ ఈ పనిలోకి వచ్చాను. కథలకూ నవలలకూ సీరియళ్లకూ కలిపి ఇంతమందిని మంచాన పడేసినందుకు మా ఆయన నన్ను జబ్బుల మంత్రసాని అంటారు. అనుకోనివ్వండి. ఈ పనికీ ఒక పద్ధతి ఉంది, నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

మాకు ఈ విద్య సినిమా నుంచి వచ్చింది. 1981లో ‘ప్రేమాభిషేకం’లో అక్కినేని పాత్రకు క్యాన్సర్. ప్రేమించిన అమ్మాయి తనను మరిచిపోవాలని చెడ్డవాడిలా నటిస్తాడు. 1989లో ‘గీతాంజలి’లో హీరోకీ హీరోయిన్‌కీ ఇద్దరికీ ఆయుష్షు తక్కువే. రెండూ చూసి వెక్కివెక్కి ఏడ్చినదాన్నే కాబట్టి వాటిని తప్పుపట్టే ఉద్దేశం లేదు. వాటి తర్వాత వచ్చిన మేమే జబ్బుకు కొన్ని అర్హతలు ఖాయం చేసేశాం. అందం చెడకూడదు. వాసన రాకూడదు. అంటుకోకూడదు. విశ్రాంతికి కాస్త ముందు బయటపడాలి. అందుకే బ్లడ్ క్యాన్సర్, బ్రెయిన్ ట్యూమర్, గుండెలో రంధ్రం. మొలలు, గజ్జి, అరికాళ్ల పగుళ్లు ఏ హీరోకీ రావు. ఏ తెలుగింట చూసినా బీపీ మాత్రలో షుగరు మాత్రలో ఉంటాయి. మా సీరియల్ అత్తగారు మాత్రం వందల ఎపిసోడ్లు స్వీట్లు పంచుతుంది, ఒక్కసారీ రక్తపరీక్ష చేయించుకోదు. ఎవరైనా కుప్పకూలితే 108కి ఫోన్ చేయరు. 2005 నుంచీ మన రోడ్ల మీద తిరుగుతున్న బండి మా కథల్లోకి రాదు. హీరో చేతుల మీద ఎత్తుకుని పరుగెత్తాలి కదా!

ఐసీయూలో చాలాకాలం పనిచేసి రిటైరైన ఒక నర్సు మా కాలనీలో ఉండేవారు. కోమా ట్రాక్ రాస్తున్నప్పుడు ఆవిడ దగ్గర కూర్చున్నాను. "కోమా అంటే నిద్ర కాదమ్మా" అని మొదలుపెట్టి రెండు గంటలు చెప్పారు. ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టంతో ఆహారం. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం. వారాలు గడిచేకొద్దీ కరిగిపోయే కండ. కళ్లు తెరిచిన మనిషి వెంటనే లేచి కూర్చోవడం కాదు, ఫిజియోథెరపీతో మళ్లీ మెడ నిలపడం దగ్గర్నుంచి నేర్చుకోవాలి. ఆవిడ నోటి వెంటే గ్లాస్గో స్కేలు గురించి విన్నాను. 1974లో గ్లాస్గో డాక్టర్లు తయారుచేసిన ఆ కొలతలో కళ్లు తెరవడానికి, మాటకు, కదలికకు విడివిడిగా మార్కులు వేస్తారు. అన్నిటికంటే తక్కువ 3, పూర్తి స్పృహకు 15. నాకు కావలసిన కథ అక్కడ దొరికింది. ఐసీయూ బయట బెంచీ మీద తండ్రి, లోపలికి వెళ్లొచ్చిన ప్రతివాళ్లనీ "ఇవాళ ఎంత?" అని అడుగుతాడు. ఆరు అంటే ముద్ద మింగుడుపడదు, ఎనిమిది అంటే ఊరికి ఫోన్ చేసి చెబుతాడు. కన్నీళ్లకు గ్లిజరిన్ అవసరం పడలేదు. ఛానల్ వాళ్లు మొదట "అంకెలు ప్రేక్షకులకు అర్థం కావు మేడమ్" అన్నారు. పిల్లల ర్యాంకుల గురించి పగలూ రాత్రీ మాట్లాడుకునే జనానికి అంకెలు అర్థం కాకపోవడమేమిటి?

అప్పటి నుంచి నా పద్ధతి ఇదే. జబ్బుకు పేరు పెట్టే ముందు దాని దినచర్య రాస్తాను. తెల్లవారి లేవగానే ఏం చేయలేడు? స్నానం ఎవరు చేయిస్తారు? మందుల ఖర్చు ఎవరి జేబులోంచి? అందుకోసం ఎవరి చదువు ఆగింది, ఎవరి గాజులు తాకట్టుకు వెళ్లాయి? ఏ పూట నయంగా ఉంటుంది, ఏ పూట ముదురుతుంది? ఇవి తేలాక పేరు దానంతటదే దొరుకుతుంది, దొరక్కపోయినా నష్టం లేదు.

ఒక నవలలో జబ్బు పూర్తిగా నేను పుట్టించుకున్నది. మతిమరుపు గురించి చదువుతుంటే హెన్రీ మోలైసన్ అనే అమెరికన్ సంగతి తెలిసింది. మూర్ఛలు తగ్గుతాయని 1953లో ఆపరేషన్ చేసి ఆయన మెదడులో రెండువైపులా కొంత భాగం తీసేశారు. ఆనాటి నుంచి 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్తగా జరిగిన సంగతేదీ గుర్తు నిలవలేదు. ‘గజిని’లో సూర్య పాత్ర పదిహేను నిమిషాల మతిమరుపు చూశాం కదా, ఆ జాతి జబ్బే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనచేత, అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం బొమ్మ గీయించింది. రోజురోజుకూ చెయ్యి తేరుతూ వచ్చింది. కానీ ఆ పని తాను నిన్న కూడా చేశానని ఆయనకు తెలియదు. మనిషి మరిచిపోయాడు, చెయ్యి నేర్చుకుంది. దీన్ని తిరగేస్తే? మనిషికి అన్నీ గుర్తున్నాయి, చెయ్యే మరిచిపోయింది.

ఏ చెయ్యి, ఏ పని అన్నది తేలడానికి చాలాకాలం పట్టింది. సితార్ వాయించేవాడు, శిల్పి, సర్జన్ అంటూ అందరూ ముందుకొచ్చారు. వాళ్లను పక్కనపెట్టాను, వాళ్ల చేతులను లోకం ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. ఎవరూ చూడని చెయ్యి కావాలి. పోచంపల్లి, ఆలేరు వైపు చిటికి చీరలు నేసే ఇళ్లలో ఆడవాళ్లు ఆసు పోస్తారు, అంటే నేతకు ముందు పేక దారం సిద్ధం చేస్తారు. ఒకవైపు కమానులా వంచిన కర్రకు బిగించిన కొయ్యలు, ఎదురుగా ఒక కొయ్య. దారాన్ని ఆ కొయ్య నుంచి ఈ కొయ్యకు, ఈ కొయ్య నుంచి ఆ కొయ్యకు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదలాలని లెక్క. గంటల తరబడి పని. అమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టి, దానికి ఆవిడ పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. అన్ని వేలసార్లు తిరిగిన చెయ్యి ఒకరోజు తిరగనంటే ఏమవుతుందన్నది నా నవల.

యంత్రం ఇంకా రాని కాలంలో కథ పెట్టాను. ఆమె పేరు సత్తెమ్మ. జబ్బుకు నేను గీసుకున్న గిరి చాలా చిన్నది. ఆమె కుడిచెయ్యి ఆసు దగ్గర మాత్రమే పనిచేయదు. దారం పట్టుకుని మొదటి కొయ్య దాటగానే వేళ్లు ముడుచుకుపోతాయి. లేచి వంటింట్లోకి వెళితే అదే చెయ్యి పిండి కలుపుతుంది, కూతురికి జడ వేస్తుంది, బావిలోంచి నీళ్లు తోడుతుంది. నవల మొత్తం ఈ గిరిలోంచే పుట్టింది. చెయ్యి పూర్తిగా పడిపోయి ఉంటే ఇంటిల్లిపాదీ జాలిపడేవాళ్లు. "రొట్టె చేస్తవు, జడ ఏస్తవు, ఆసు కాడికొస్తెనే చెయ్యి రాదా నీకు?" అని అత్త అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం సత్తెమ్మకే కాదు, రాస్తున్న నాకూ కష్టమైంది. పేక దారం తయారుకాక మగ్గం ఆగుతుంది. షావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు అలాగే ఉంటుంది. పక్కింటామెకు కూలిచ్చి ఆసు పోయించుకోవాల్సి వస్తుంది. మొగుడు మంచివాడే, కానీ మంచివాడికి కూడా నెల తిరిగేసరికి అనుమానం వస్తుంది. ఊళ్లోవాళ్లు సత్తెమ్మ చెయ్యి అలిగిందన్నారు. నవల చివరిదాకా ఆ జబ్బుకు అదే పేరు.

ఇంకొక వెసులుబాటు కూడా పెట్టాను. ఎవరైనా పక్కన కూర్చుని ఆమె మోచేతి మీద వేలు ఆనిస్తే, కాసేపు చెయ్యి తిరుగుతుంది. ఆనించిన వేలు చిన్న కూతురిది. కథకు ముద్దుగా ఉంటుందని చేసిన ఏర్పాటు అది.

రాతప్రతి ఒక న్యూరాలజిస్టుకి ఇచ్చాను. మా బంధువుల అబ్బాయే, నన్ను అత్తా అంటాడు. చదివి నవ్వాడు. "అత్తా, ఇది నువ్వు పుట్టించింది కాదు. మా ఓపీలో కూర్చుంటే కనబడుతుంది" అన్నాడు. ఒక్క పనికే మొరాయించే చెయ్యి నిజంగానే ఉందట, ఫోకల్ డిస్టోనియా అంటారట. రాసేటప్పుడు మాత్రమే వేళ్లు బిగుసుకుపోయే గుమస్తాలు, వాద్యం మీద మాత్రమే వేళ్లు మడుచుకుపోయే కళాకారులు ఉన్నారు. లియోన్ ఫ్లైషర్ అనే అమెరికన్ పియానో విద్వాంసుడికి 1960లలో కుడిచేతి వేళ్లు అలాగే అయితే, ఏళ్ల తరబడి ఎడమచేతికి రాసిన సంగీతం వాయించాడు. నేను ముద్దుగా ఉంటుందని పెట్టిన వేలు సంగతి కూడా వాళ్ల పుస్తకాల్లో ఉందట. ఒంటి మీద ఒకచోట తేలిగ్గా తాకితే బిగింపు సడలడం ఆ జబ్బు లక్షణమట. "ఎలా తట్టింది నీకు?" అని అడిగాడు. నాకేం తెలుసు?

కల్పిత జబ్బుల్లో చాలావాటికి ఇదే గతి. మనం గదిలో కూర్చుని కనిపెట్టామనుకుంటాం, అది అప్పటికే ఎక్కడో ఓపీ చీటీ రాయించుకుని వరుసలో నిలబడి ఉంటుంది. పేరు తెలిశాక కూడా నవలలో పెట్టలేదు. పెడితే పాఠకుడు ఫోన్ తీసి వెతుకుతాడు, ఇంజెక్షన్ ఉందని తెలుసుకుంటాడు, సత్తెమ్మను వదిలి మందు వెంట పోతాడు. పైగా సత్తెమ్మకు ఆ కాలంలో ఆ పేరు చెప్పేవాళ్లు ఎవరున్నారు? ఆమెకు తెలియనిది పాఠకుడికి ముందే తెలియడం నాకు ఇష్టం లేకపోయింది.

ఒక్క మనిషి జబ్బు ఇలా ఉంటే, ఊరుమ్మడి జబ్బు రాయడం వేరే పని. ఈ విషయంలో నాకు గురువులు ఇద్దరు. ఒకరు రచయిత సరమాగు, ఆయన 1995 నాటి నవలలో నగరమంతా తెల్లటి గుడ్డితనంలో మునిగిపోతుంది. రెండో ఆయన మార్క్వెజ్. ఆయన నవలలోని మకొండో గ్రామానికి నిద్రలేమి అంటుకుని, దాంతోపాటు మరుపు మొదలవుతుంది. జనం వస్తువుల మీద పేర్లు రాసి అతికిస్తారు. ఆవు మెడలో, దీన్ని రోజూ పాలు పితకాలి అని రాసిన అట్ట వేలాడదీస్తారు. జబ్బు ఎంత వింతదైనా, దాన్ని నమ్మించేది ఆ అట్టముక్క. నా దినచర్య పద్ధతికి అంతకన్నా పెద్ద సాక్ష్యం వెతుక్కోలేదు.

మనకు గురువులు ఇంటి దగ్గరా ఉన్నారు, కాకపోతే అవి కథలు కావు. నల్గొండలో నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసింది. కారణం తెలుసు, కొత్త నీళ్లు రావడానికే తరాలు పట్టింది. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో ఇప్పటికీ ఒక్క కారణం తేలలేదు. చాలాదూరం వచ్చేదాకా నొప్పి ఉండదు. బడికి పోనివాళ్లకు కూడా అక్కడ క్రియాటినిన్ అన్న మాట తెలుసు. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు, చాలామంది కాసేపటికే లేచి కూర్చున్నారు. కొద్దిరోజుల్లోనే వందలమంది ఆసుపత్రికి వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ అన్నారు, పురుగుమందు అన్నారు. అదే నేను రాసి ఛానల్‌కి ఇచ్చి ఉంటే, "నమ్మేలా లేదు మేడమ్, కొంచెం రియలిస్టిక్‌గా చేయండి" అనేవాళ్లు. ఊరి జబ్బు కల్పించాలంటే ముందు ఆ ఊరి నీళ్లెక్కడివో, పొలంలో ఏం చల్లుతారో, వలస ఎటు పోతారో రాసుకోవాలి. ఎవరికి వచ్చిందో చెప్పడం తేలిక. ఎవరికి రాలేదో చెబితేనే జబ్బు నిజమనిపిస్తుంది. నీళ్లు కొనుక్కుని తాగే ఇల్లు ఊళ్లో ఏదో ఒకటి ఉంటుంది కదా.

వైకల్యం దగ్గరకొస్తే లెక్క మారుతుంది. జబ్బు కథలోకి వచ్చిపోతుంది, వైకల్యం ఉన్న మనిషి దానితోనే ఉద్యోగం చేస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, పోట్లాడతాడు. మా సీరియళ్లు దాన్నీ జబ్బులాగే చూస్తాయి. గుడ్డి హీరోయిన్ అంటే కళ్లకు ఆపరేషన్ ఉండి తీరాలి. కట్టు విప్పాలి, ముందుగా భర్తనే చూడాలి. నిజానికి మార్చేది కన్ను మొత్తం కాదు, కార్నియా అనే పైపొర మాత్రమే. రెటీనాదో కంటి నరానిదో లోపమైతే ఆ ఆపరేషన్‌తో పని లేదు. స్టూడియోల నుంచి ఆటోలో పోయేంత దూరంలో 1987 నుంచి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఎవరైనా వెళ్లి అడగొచ్చు.

సినిమా కొన్నిసార్లు మాకంటే బాగా చేసింది. ‘సిరివెన్నెల’లో వేణువు వాయించే అంధుడికీ, బొమ్మలు వేసే మూగ అమ్మాయికీ చేతిలో పని ఉంది. ‘రంగస్థలం’ చిట్టిబాబు పొలాలకు మోటారుతో నీళ్లు పెడతాడు, సరిగ్గా వినబడదని ఒప్పుకోవడానికి నామోషీ పడతాడు. ఆ నామోషీయే అతన్ని మనిషిని చేసింది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో ఇరవై ఒకటి అయ్యాయి. మా కథల్లో ఇంకా రెండే, కళ్లు లేకపోవడం, చక్రాల కుర్చీ. ఆ కుర్చీ మనిషి సదరం క్యాంపుకు వెళ్లి నలభై శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ కోసం వరుసలో నిలబడిన ఎపిసోడ్ మీరెప్పుడైనా చూశారా? ఎంత నాటకం ఉంది అందులో!

2024 జులైలో సుప్రీంకోర్టు, సినిమాల్లో టీవీలో వికలాంగులను ఎలా చూపాలో కొన్ని సూచనలు ఇచ్చింది. వాళ్లను ఎగతాళి చేసే హాస్యం వేరు, వాళ్ల అనుభవంలోంచి వచ్చే హాస్యం వేరు అన్నది. వాళ్ల గురించి తీసేటప్పుడు వాళ్లనే సంప్రదించమన్నది. ఇప్పుడు అంధుడి పాత్ర ఉన్న సీరియల్ ఒకటి రాస్తున్నాను. ఈసారి ఛానలే డబ్బు పెట్టి ఒక సలహాదారుని ఏర్పాటు చేసింది. బ్యాంకులో పనిచేస్తారు, పుట్టుకతోనే చూపు లేదు. నా స్క్రిప్టు ఫోన్‌లో వింటారు, అది కూడా నాకు అర్థం కానంత వేగంతో. మొదటి రోజే "మీ వాడు ఇంట్లో కూడా చేతులు చాపుకుని నడుస్తున్నాడేమిటండీ, సొంత ఇల్లు కాదా?" అని అడిగారు. రాత్రి లైటు తీసేసి బ్రెయిలీ పుస్తకం చదువుకుంటుంటే కొత్తలో వాళ్లావిడ ఉలిక్కిపడేదట. ఆ సీను వెంటనే పెట్టేశాను.

నోట్ల గురించి కూడా ఆయనే చెప్పారు. ఇప్పటి వంద, రెండొందలు, ఐదొందల నోట్ల పొడవుల మధ్య తేడా నాలుగేసి మిల్లీమీటర్లే. వెడల్పు ఒకటే. తడిమి చెప్పడం కష్టమని 2020లో రిజర్వు బ్యాంకు మణి అనే యాప్ తెచ్చింది, కెమెరా ముందు పెడితే నోటు ఎంతదో పలుకుతుంది. పాత పద్ధతి మాత్రం ఒక్కో నోటును ఒక్కో రకంగా మడిచి పెట్టుకోవడం.

నాలుగు వారాల స్క్రిప్టు విన్నాక ఆయన ఫోన్ చేశారు. "అంతా బాగానే ఉంది మేడమ్. కానీ మీ వాడు ఒక్క అబద్ధమైనా ఆడడేం? అందరికీ మంచే చేస్తాడు, ఎవరి మీదా కోపం రాదు. నాకైతే వాడితో అరగంట కూర్చోబుద్ధి కాలేదు."

రెండు రోజులు ఆలోచించి ఒక సీను రాశాను. బావకు వెయ్యి రూపాయలు బాకీ. మడతలు చూసుకుని, వేళ్లతో పొడవు కొలుచుకుని, అన్నీ తెలిసే, రెండొందల నోట్ల బదులు వంద నోట్లు ఐదు చేతిలో పెడతాడు. బావ ఎదురుగా లెక్కపెట్టుకుని, ఎలా అడగాలో తెలియక, జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. సలహాదారు విని పగలబడి నవ్వారు. ఛానల్ వాళ్లకు మాత్రం భయం పట్టుకుంది. "పాత్ర మీద సానుభూతి పోతుంది మేడమ్, పోనీ పొరపాటున ఇచ్చినట్టు చేద్దామా?" అంటున్నారు. పొరపాటున కాదు, కావాలనే ఇచ్చాడు అని నేను పట్టుబట్టాను. మంగళవారం షూటింగ్.